బీద కర్షకుల పూచీదారు: రైఫైజెన్ జీవితము

అప్పెరుగని రైతు అరుదు. వాన సకాలమున కురిసి, పైరు పండి, ధర నిలిచిన యేడు ఆతడు అప్పు తీర్చును. ఈ మూడింటిలో నొక్కటి తప్పిన యేడు మరల అప్పు చేయును. పెద్ద రైతునకు అప్పిచ్చువారు ఆతని యింటికే వచ్చి యిత్తురు. రెండెకరముల మెట్టయు, ఒంటి యెద్దును గలవాడు తానే వారి యింటికి పోయి, అరుగు క్రింద నిలిచి, వారు చెప్పిన వడ్డీకి వ్రేలిముద్ర వేయవలసి వచ్చును. అప్పు పుట్టుట కష్టము గాదు. న్యాయమైన వడ్డీకి, తీర్చదగిన గడువునకు పుట్టుటయే కష్టము. ఈ చిక్కు ఒక దేశమునకు గాని, ఒక కాలమునకు గాని చెందినది గాదు. దీనికి ఉపాయము వెదకుటలో జీవితమంతయు వెచ్చించిన జర్మను గ్రామాధికారి యొకడు కలడు. ఆయన పేరు ఫ్రీడ్రిహ్ విల్హెల్మ్ రైఫైజెన్. మన యూళ్ళ సహకార పరపతి సంఘములకు మూలపురుషుడు ఆయనయే. అయినను ఆ సంఘముల సభ్యులలో ఆయన పేరు విన్నవారు మిక్కిలి తక్కువ.

జర్మనీ పడమటి భాగమున, రైన్ నదికి తూర్పున, వెస్టర్‌వాల్డ్ అను మెట్టసీమ గలదు. అచ్చట చలి దీర్ఘము, గాలి విసరు ఎక్కువ, నేల సారము తక్కువ. తండ్రి భూమిని బిడ్డలందరు పంచుకొను ఆచారముండుటచే కమతములు తరతరమునకు చీలి ముక్కలయ్యెను. రై యను చలిదేశపు ధాన్యము, ఓట్సు, బంగాళాదుంప అచ్చటి సామాన్యుల యాహారము. ఆ కాలమున ఆ సీమ ప్రష్యా రాజ్యములోనిది. అందు జీగ్ నదీతీరముననున్న హామ్ గ్రామమున 1818 మార్చి 30వ తేదీన రైఫైజెన్ జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో ఆయన ఏడవవాడు. తండ్రి కొంతకాలము ఆ యూరి మేయరుగ నుండి, పిదప పదవిని, ఆరోగ్యమును గూడ కోల్పోయెను. సంసారభారమంతయు తల్లి అమాలియా మీద పడెను. ఆమె దైవభక్తి గలది, ధైర్యము గలది. కుమారునకు ఈ రెండు గుణములును ఆమెవలన సంక్రమించినవే.

పై చదువునకు పట్టణము పంపుటకు ఇంట ధనము లేదు. ఆ యూరి మతగురువైన జైపెల్ బాలుని చేరదీసి, పాఠశాల చదువు ముగిసిన పిదపను కొంతకాలము విద్య గరపెను. పదునేడవ యేట, అనగా 1835లో, రైఫైజెన్ ఫిరంగి దళమున చేరెను. బుద్ధిసూక్ష్మత చేతను, శ్రమ చేతను ఆయన పైకి రాదగినవాడే. కాని కన్నులకు జబ్బు తగిలెను. చూపు మందగించిన వానికి ఫిరంగి దళమున చోటు లేదు. 1843లో సైన్యమును విడిచి, పౌరోద్యోగమున ప్రవేశించి, రెండేండ్లు కచేరీలలో పని నేర్చెను. ఆ కంటిజబ్బు ఆయనను జీవితాంతము విడువలేదు. అది రాకున్నచో ఆయన ఏ కోటలోనో అధికారిగ ముదిసి, పేరు లేకయే పోయియుండును.

1845లో వైయర్‌బుష్ మేయరుగ నియమింపబడెను. ఆ యేడే ఎమిలీ స్టార్క్ అను కన్యను వివాహమాడెను. ఆ మేయరు పదవిని ఒక యూరి పెద్దరికముతో పోల్చరాదు. ఇరువదికి పైబడిన పల్లెలకు ఒక్కడే అధికారి. మన పూర్వపు మునసబు, కరణము, రెవెన్యూ ఇనస్పెక్టరు ముగ్గురును ఒకే మనుష్యుడైనచో ఎట్లుండునో అట్టిది ఆ యుద్యోగము. పన్ను వసూలు, బాటలు, బడులు, బీదల పోషణ, తగవులు అన్నియు ఆయనవే. పల్లె పల్లె తిరుగవలెను, ఇల్లిల్లు నెరుగవలెను. ఎవని కొట్టమున ఎన్ని పశువులున్నవో, అందు ఎన్ని నిజముగ ఆతనివో, ఆయనకు కొలది కాలముననే తెలిసివచ్చెను.

ఆయన పదవిలో చేరిన యేడే ఐరోపా ఖండమున బంగాళాదుంపకు తెగులు సోకెను. ఐర్లాండు దేశమున లక్షలాది జనుల ప్రాణములు గొన్నది ఈ తెగులే. 1846లో రై పంటయు చెడెను. ఆ చలికాలమున వెస్టర్‌వాల్డ్ పల్లెలలో గాదెలు ఒట్టిపోయెను, రొట్టె ధర కూలివారి కందనంత పెరిగెను. విత్తనమునకు దాచిన దుంపలను జనులు తినివేసిరి. ప్రభుత్వము కోబ్లెంజ్ నగరపు గిడ్డంగినుండి పిండి పంపెను. అయితే దానిని రొక్కమిచ్చిన వారికి మాత్రమే అమ్మవలెనని నిబంధన విధించెను. రొక్కమున్నవాడు ఆకలితో నుండడు, ఆకలితోనున్న వానియొద్ద రొక్కముండదు. ఈ చిన్న సంగతి ఆ యుత్తరువు వ్రాసినవారికి తట్టలేదు.

రైఫైజెన్ కెదురైన మొదటి పరీక్ష ఇదియే. ఉత్తరువును మీరినచో పదవికే ముప్పు. సంసారము క్రొత్తది. తండ్రి పదవి పోయిన యింటి దురవస్థ ఆయన కన్నులార చూచినదే. ఉత్తరువును పాలించినచో పిండి గిడ్డంగిలోనే యుండును, పిల్లలు పస్తుందురు. ఆయన పిండిని అరువునకిచ్చెను. అయితే దానమని పంచలేదు, లెక్క లేకుండ ఇయ్యలేదు. స్థితిమంతులను సమావేశపరచి వారిచేత ధనము వేయించి, రొట్టెల సంఘమును స్థాపించెను. ఊరిలో పొయ్యి కట్టించి రొట్టెలు కాల్పించెను. అవి బజారు ధర కంటె చాల తక్కువకు లభించెను. రొక్కము లేనివారు పత్రము వ్రాసియిచ్చి రొట్టె తీసికొనిరి. వసంతమున విత్తనపు దుంపలను గూడ ఆ పద్ధతినే ఇప్పించెను. మరుసటి పంట చేతికి వచ్చిన పిదప అరువు తీసికొన్నవారు బాకీలు చెల్లించిరి. బీదవానికిచ్చిన అప్పు నీటిలో పోసిన ఉప్పని తలచువారికి ఆ చిట్టాయే సమాధానమయ్యెను.

ఆ మూడేండ్లలో ఆయన వైయర్‌బుష్‌లో బడి కట్టించెను. పండిన కొలది పంటను రైన్ తీరపు బజారునకు చేర్చుటకు సరియైన బాట లేకుండుట గమనించి, దానికిని పూనుకొనెను. తరువాతి పదవులలోనున్నప్పుడును ఆ బాటను విడువక, వైయర్‌బుష్‌నుండి రైన్ వరకు తుదముట్టించెను. నేడా రహదారికి ఆయన పేరే పెట్టియున్నారు.

1848లో ఆయనను ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు మార్చిరి. ఇచ్చట పల్లెలు ముప్పదికి పైబడినవి, బీదతనము అంతకంటె పెద్దది. కరవు తీరినను కరవునాటి అప్పులు తీరలేదు. ఆ సీమ రైతునకు ఆవే సమస్తము. పాలిచ్చునది, నాగలి లాగునది, పొలమునకు ఎరువిచ్చునది అదియే. ఆవు లేనివాడు రైతు గాడు. ఆవు కొనుటకు ధనము లేనివాడు పశువుల వర్తకునొద్దకు పోవును. వర్తకుడు ఆవును ఆతని కొట్టమున కట్టివేయును గాని, సొంతదారు తానుగనే యుండును. మేపువాడు రైతు, దూడ వర్తకునిది. ఆవు చచ్చినచో నష్టము రైతు నెత్తిన. ఆవు బలిసినచో వర్తకుడు దానిని తోలుకొనిపోయి బక్కదానిని తెచ్చి కట్టును. ఇట్లు జీవితాంతము మేపినను రైతునకు తనదని చెప్పుకొన ఒక్క తోకయైన మిగులదు. భూమి తాకట్టు పెట్టి ధనము తెచ్చినవాని గతియు ఇంతకంటె మెరుగు గాదు. వాయిదా దాటగనే వేలము, వేలమున పాటదారు ఋణదాతయే.

ఈ మాయను ఛేదించుటకై 1849 డిసెంబరు 1వ తేదీన రైఫైజెన్ ఒక సంఘమును నెలకొల్పెను. నిరుపేద కర్షకులకు తోడ్పడుటయే దాని యుద్దేశము, దాని పేరునందును ఆ మాటలే యుండెను. సుమారు అరువదిమంది సంపన్నులు అందు చేరి, సంఘపు అప్పులన్నిటికి తమ ఆస్తులనెల్ల ఉమ్మడి పూచీ పెట్టిరి. ఆ పూచీ మీద సంఘము తక్కువ వడ్డీకి ధనము తెచ్చెను. ఆ ధనముతో ఆవులను కొని రైతులకిచ్చెను. రైతు అయిదేండ్ల వాయిదాలలో వెల చెల్లించినచో చాలును. అయిదేండ్ల గడువు ఊరక పెట్టినది గాదు. ఆవు ఈని, దూడ పెరిగి, పాలమ్మి, ఆ రాబడినుండియే ఆవు వెల తీరవలెనన్న లెక్క మీద పెట్టినది. కొలది కాలమునకు ఆవు నిచ్చుటకంటె అప్పునిచ్చుటయే మేలని తోచెను. ఒకనికి ఆవు కావలెను, ఒకనికి పాత బాకీ తీరవలెను, వేరొకనికి విత్తనము. ఎవని యవసరము వానికే తెలియును.

1852లో నాయ్‌వీడ్ పట్టణమునకు చేరువనున్న హెడ్డెస్‌డార్ఫ్‌కు మరల బదిలీ. అచ్చట 1854లో ఆయన ధర్మసంఘమొకటి స్థాపించెను. దాని యుద్దేశములు చదివినచో ఆశ్చర్యము కలుగును. దిక్కులేని పిల్లలను పెంచవలెను, చెరసాలనుండి విడుదలైన వారికి పని చూపవలెను, రైతులకు పశువులు కొనియియ్యవలెను, అప్పులియ్యవలెను, ప్రజలు చదువుకొనుటకు గ్రంథాలయము గూడ పెట్టవలెను. ఒక్క సంఘము భుజములపై ఇంత భారము నిలుచునా యని ఆయన శంకింపలేదు. క్రైస్తవధర్మము నాచరించు ధనికులు బీదలను ఆదుకొందురనియు, ఆదుకొనుచునే యుందురనియు ఆయన మనసార నమ్మెను.

ఆ నమ్మకము నిలువలేదు. రైఫైజెన్ జీవితమున ముఖ్యఘట్టము ఇదియే. సంఘపు పనులలో అప్పులిచ్చుట తప్ప మిగిలినవి ఒకదాని వెంట నొకటి సన్నగిల్లెను. సంపన్నులు మొదటి సంవత్సరము ఉత్సాహముతో వచ్చిరి, మూడవ సంవత్సరము మొగమాటముతో వచ్చిరి, ఆ పిదప వచ్చుట మానిరి. వారిని నిందించుట సులభమే గాని, కొంత విచారింపవలసియున్నది. సంఘమువలన వారికి కలుగు లాభమేమియు లేదు. అప్పు పుచ్చుకొన్నవాడు తీర్పకున్నచో తమ ఆస్తికి ముప్పు. పుచ్చుకొన్నవాడో సంఘములో సభ్యుడే గాడు. ఆతనికి సంఘము వర్తకుని అంగడి వంటిదే, అయితే కొంత మంచి అంగడి. ఇచ్చువాడు ఒక వైపు, పుచ్చుకొనువాడు ఒక వైపు. నడుమ దయ యను సన్నని దారము. ఆ దారము తెగినప్పుడెల్ల సంఘము కుంటుపడెను.

అదే కాలమున హెర్మన్ షుల్జ్-డెలిట్ష్ అను న్యాయాధికారి పట్టణములందలి చేతిపనివారికై పరపతి సంఘములు నడపుచుండెను. అందు దయకు తావు లేదు. అప్పు కావలసినవారే చేరవలెను, వాటాధనము వేయవలెను, ఒకరికొకరు పూచీ నిలువవలెను. ఆయన రైఫైజెన్‌తో ఉత్తరప్రత్యుత్తరములు జరిపి, ధర్మము మీద ఆధారపడిన సంఘము నిలువదని హెచ్చరించెను. రైఫైజెన్‌కు ఈ మాట వెంటనే రుచింపలేదు. పదునైదేండ్లుగ తాను నమ్మి చేసినదానిని విడుచుట సామాన్యమా? బీదవాని నెత్తిన బీదవాని భారము మోపుట ధర్మమా? ఆయన వెంటనే తేల్చుకొనలేకపోయెను. చివరకు అనుభవమే తీర్పు చెప్పెను. 1862లో ఆన్‌హౌజెన్ మొదలగు పల్లెలలో క్రొత్త పద్ధతి మీద అప్పుల సంఘములు పుట్టెను. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ ధర్మసంఘము స్థానమున హెడ్డెస్‌డార్ఫ్ అప్పుల సంఘము వెలసెను. అప్పు కావలసినవాడు సభ్యుడు కావలెను. సభ్యుడైనవాడు అందరి అప్పునకు పూచీ.

ఇందలి మర్మమును కొంచెము విప్పి చెప్పవలసియున్నది. ఒక పల్లెలో అరువది గడపలున్నవనుకొందము. ఒక్కొక్కని యాస్తి కొలదిపాటిదే. పట్టణపు ధనికుడు వారిలో ఒక్కనిని నమ్మి నూరు రూపాయలియ్యడు. కాని ఆ అరువదిమందియు చేరి, మాలో నెవడు తప్పినను మిగిలినవారము మా యిండ్లు, పొలములు, పశువులు అమ్మియైన చెల్లింతుమని కట్టుబడినచో, ఆ పత్రమునకు గొప్ప సంస్థానపు పత్రమునకున్న విలువ వచ్చును. ధనము తక్కువ వడ్డీకి దొరకును. అపరిమిత బాధ్యత యనగా ఇదియే. వినుటకు భయంకరమైన మాట. కాని ఆ భయముననే దాని బలమున్నది. పొరుగువాని అప్పునకు తన పొలము పూచీయైనపుడు, పొరుగువాడు అప్పు తెచ్చి ఏమి చేసెనో ప్రతివాడు కనిపెట్టియుండును. ఆవు కొందునని తీసికొన్న సొమ్ము సారాయంగడికి చేరినచో ఆ సాయంకాలమునకే ఊరెల్ల తెలియును. ఏ బ్యాంకు ఇనస్పెక్టరునకు ఇట్టి దివ్యదృష్టి యుండదు.

ఈ కనిపెట్టుట సాగుటకై సంఘము చిన్నదిగ నుండవలెనని ఆయన నియమించెను. ఒక పల్లె, మించినచో ఒక చర్చి క్రిందనున్న పల్లెలు. ఒకరి నొకరు ఎరుగని చోట పూచీకి అర్థము లేదు. అప్పును ఉత్పత్తికే యియ్యవలెను, ఎందులకో ముందుగ అడుగవలెను. గడువు పంటను, పశువును అనుసరించి యుండవలెను. షుల్జ్-డెలిట్ష్ సంఘములు మూడు నెలల గడువున కిచ్చుచుండెను. చెప్పులు కుట్టి సంతలో నమ్మువానికి అది సరిపోవును గాని, విత్తిన గింజ మూడు నెలలలో రూపాయగ మారదు. వాటాధనము విషయమునను ఇద్దరికిని పొసగలేదు. వాటా కొనగల ధనమున్నచో బీదరైతు అప్పునకేల వచ్చును? కావున రైఫైజెన్ మొదట వాటాలే వలదనెను. తరువాత చట్టము నిర్బంధించినపుడు మిక్కిలి స్వల్పమైన వాటా పెట్టించెను. మిగులును సభ్యులు పంచుకొనరాదు. అది నిలువనిధిగ పెరిగి, సంఘము సొత్తై, ఎన్నటికిని విభజింపబడక యుండవలెను. పాలకవర్గమునకు జీతము లేదు. లెక్కలు వ్రాసి, సొమ్ము భద్రపరచువానికి మాత్రమే కొంత ప్రతిఫలము. ఆతనికి అప్పు మంజూరు చేయు నధికారము లేదు. మంజూరు చేయువాడు వేరు, పెట్టె తాళము పట్టువాడు వేరు అను నీ నియమము విలువ దస్త్రములతో పరిచయమున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్లు సంఘములు నిలద్రొక్కుకొను కాలముననే ఆయన యిల్లు కూలెను. 1863లో ఎమిలీ మరణించెను. ఆమె కన్న బిడ్డలలో కొందరు అంతకు పూర్వమే పోయిరి. ఆయనకును తీవ్రజ్వరము వచ్చి శరీరము శిథిలమయ్యెను, చూపు మరింత క్షీణించెను. 1865లో, నలుబది యేడేండ్ల వయస్సున, ఉద్యోగమునుండి విరమింపవలసివచ్చెను. పింఛను స్వల్పము. బిడ్డల పోషణకై ముందు చుట్టల పరిశ్రమ పెట్టెను, పిదప ద్రాక్షసారాయ వర్తకము చేసెను. వేలకొలది రైతులకు అప్పు పుట్టించిన వాడు సంఘములనుండి తనకు జీతము పుచ్చుకొనలేదు.

పెద్దకుమార్తె అమాలియా తండ్రికి కన్నులయ్యెను. ఉత్తరములు చదివి వినిపించునది, ఆయన చెప్పగా వ్రాయునది ఆమెయే. సంఘములనుండి వచ్చు ప్రశ్నలకు జాబులు, నియమావళులు, లెక్కల తనిఖీలు అన్నియు ఆమె చేతిమీదుగ నడచెను. తండ్రి పని విడువలేక ఆమె అవివాహితగనే యుండిపోయెను. మహాపురుషుల చరిత్రలందు ఇట్టివారికి లభించు చోటు ఒకటి రెండు పంక్తులే. ఆమె లేకున్నచో 1865 తరువాత రైఫైజెన్ చేసినదానిలో సగమైన జరిగియుండదు.

1866లో ఆయన అప్పుల సంఘములను గూర్చి గ్రంథము ప్రకటించెను. అది పాండిత్యము కొరకు వ్రాసినది గాదు. సంఘమును ఎట్లు స్థాపింపవలెను, పుస్తకములెట్లు వ్రాయవలెను, అప్పుపత్రమెట్లుండవలెను అను విషయములు సామాన్యునకు అర్థమగునట్లు తెలిపినది. దానిని చదివి మతగురువులు, ఉపాధ్యాయులు ఎక్కడికక్కడ సంఘములు నెలకొల్పిరి. ఆయన జీవించియుండగనే అది పలుమారులు ముద్రితమయ్యెను.

సంఘములు పెరిగిన కొలది క్రొత్త చిక్కు పుట్టెను. ఒక యూరి సంఘమున డిపాజిట్లు మిగులును, పొరుగూరి సంఘమున చాలవు. మిగిలిన చోటినుండి చాలని చోటికి ధనము నడపుటకు 1872లో నాయ్‌వీడ్‌లో సంఘములే సభ్యులుగ ఒక కేంద్రబ్యాంకును స్థాపించెను. షుల్జ్-డెలిట్ష్ దీనిని తీవ్రముగ ప్రతిఘటించెను. ఒక సంఘమునకు అపరిమిత బాధ్యత గల సభ్యులు, ఆ సంఘము మరల పై సంఘమునకు అపరిమిత బాధ్యత గల సభ్యుడు. ఇది పేకమేడ యని ఆయన వాదన. పార్లమెంటువరకు వివాదము పోయెను. ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. ఆ కేంద్రబ్యాంకులను ఎత్తివేయవలసి వచ్చెను. రైఫైజెన్ ఓటమి నొప్పుకొని యూరకుండక, 1876లో వాటాల కంపెనీ రూపమున మరియొక కేంద్రబ్యాంకును నాయ్‌వీడ్‌లోనే నెలకొల్పెను. సంఘములే సభ్యులుగ కేంద్రసంఘము నుండుటకు అనుమతి నిచ్చు చట్టము 1889లో వచ్చెను గాని, దానిని చూచుటకు ఆయన లేడు.

ఆయన యందు దోషములు లేవని వ్రాయుట సత్యము గాదు. అధికారమును తన చేతిలోనే యుంచుకొను స్వభావము కలదు. హెస్సె ప్రాంతమున విల్హెల్మ్ హాస్ వంటి సమర్థులు వేరుపడుటకు ఇది యొక కారణము. అంతకంటె పెద్ద మచ్చ యొకటి కలదు. తుదిదినములలో వడ్డీవర్తకులను నిందించుచు, ఆ నిందను యూదుజాతి మీదికి త్రిప్పి వ్రాసెను. అది ఆనాటి జర్మనీలో ప్రబలియున్న ద్వేషము, దానికి ఆయనయు లోబడెను. రైతును పీల్చినవారు అన్ని మతములందును ఉండిరి. ఆయన పద్ధతిని ఇటలీకి తీసికొనిపోయి 1883లో లోరెజ్జియా గ్రామమున మొదటి పల్లెబ్యాంకును స్థాపించిన లియోనె వొల్లెంబోర్గ్ యూదు యువకుడే యగుట ఇచ్చట స్మరింపదగును.

1888 మార్చి 11వ తేదీన, డెబ్బదవ జన్మదినమునకు పందొమ్మిది దినములు ముందు, రైఫైజెన్ మరణించెను. అప్పటికి జర్మనీలో ఆయన పద్ధతి సంఘములు నాలుగు వందలకు పైబడియుండెను. తరువాతి ఇరువదియేండ్లలో అవి వేలకు పెరిగెను, ఆస్ట్రియా, ఇటలీ మొదలగు దేశములందు వ్యాపించెను.

ఇక మన దేశపు సంగతి. రైఫైజెన్ నాయ్‌వీడ్‌లో కేంద్రబ్యాంకుకై పోరాడుచున్న దినములలోనే దక్షిణభారతమున ఘోరక్షామము సంభవించెను. 1876 మొదలు 1878 వరకు సాగిన దానిని మన పెద్దలు ధాతకరవని పిలిచిరి. మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణములు పోయెను, మిగిలినవారి భూములు అప్పులవారి పాలయ్యెను. అంతకు ముందు సంవత్సరమే పూనా, అహమదునగరు జిల్లాల రైతులు షావుకార్ల యిండ్లపై బడి అప్పుపత్రములు తగులబెట్టిరి. పత్రము కాలినను అప్పు అవసరము కాలిపోదు గదా.

1892లో మద్రాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్ అను సివిలుద్యోగిని పిలిచి, రైతులకు బ్యాంకులు పెట్టు మార్గము పరిశీలింపుమనెను. ఆయన ఐరోపా దేశముల పద్ధతులన్నియు శోధించి, 1895లో ఒక సంపుటము, 1897లో రెండవ సంపుటము సమర్పించెను. ఆ బృహన్నివేదిక సారమును చివరకు రెండే మాటలలో ఇమిడ్చెను. రైఫైజెన్‌ను వెదకుడనుటయే వాని భావము. అనగా పద్ధతి గ్రంథములందున్నది, కావలసినది ఊరూర దానిని నడపగల మనుష్యుడని.

1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. కనీసము పదిమంది చేరవలెననియు, గ్రామ సంఘములకు అపరిమిత బాధ్యత యుండవలెననియు, అప్పు సభ్యులకే యియ్యవలెననియు విధించిన ఆ చట్టములో వెస్టర్‌వాల్డ్ పల్లెల అనుభవము స్పష్టముగ కనబడును. ఆ యేడే మద్రాసు చేరువనున్న తిరూరున సంఘము స్థాపితమయ్యెను, క్రమముగ తెలుగు జిల్లాలకును సంఘములు వచ్చెను. అయితే నికల్సన్ అడిగినది మనుష్యుని, ప్రభుత్వమిచ్చినది రిజిస్ట్రారును. పైనుండి ఉత్తరువుతో పుట్టిన సంఘమును రైతు తనదని తలపలేదు, అది సర్కారు ఖజానాకు ఇంకొక వాకిలి యనుకొనెను. తనదిగాని ధనమునకు ఎవడు కాపలా కాయును? అపరిమిత బాధ్యత కాగితము మీదనే మిగిలెను. స్థితిమంతుడు దానికి జంకి దూరముగ నుండెను. లేదా తానే అధ్యక్షుడై కూర్చుండి, బీదవానిని గుమ్మము తొక్కనీయకుండెను.

గోర్వాలా అధ్యక్షతన గ్రామపరపతిని పరిశీలించిన సంఘము 1954లో నివేదిక నిచ్చెను. 1951–52లో రైతులు చేసిన అప్పులలో సహకార సంఘములు ఇచ్చినది నూటికి మూడు వంతులు మాత్రమే. డెబ్బది వంతుల వరకు వడ్డీవ్యాపారులనుండియే వచ్చెను. ఏబదియేండ్ల ప్రయత్నమునకు ఇది ఫలము. దానిపిమ్మట ప్రభుత్వమే వాటాదారుగ చేరుట, పల్లెసంఘములు కలిసి పెద్దవగుట, అపరిమిత బాధ్యత తొలగుట జరిగెను. ధనము పెరిగెను. ఒకరి నొకరు ఎరుగుట తగ్గెను. ప్రభుత్వపు వాటాధనము లేకయే సభ్యులే సంఘమును నడుపుకొనుటకు వీలిచ్చు చట్టము ఆంధ్రప్రదేశమున 1995లో వచ్చెను.

అట్టి చట్టమునకు చాల పూర్వమే, 1956లో, కరీంనగరు జిల్లా ములుకనూరున అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చుట్టుపట్ల పల్లెల రైతులను చేర్చి సహకార గ్రామీణ బ్యాంకును స్థాపించెను. అప్పుతోపాటు విత్తనములు, ఎరువులు అచ్చటనే లభించును. పండిన ధాన్యము, పత్తి సంఘమే కొని అమ్మును. ఆ పల్లెల స్త్రీలు పిదప తామే పాల సహకార సంఘమును నెలకొల్పుకొనిరి. హెడ్డెస్‌డార్ఫ్ పేరు విననివారు ఆ స్త్రీలలో పెక్కురుందురు. పాలు పోసిన లెక్కను మాత్రము వారే చూచుకొందురు.